ఇంటిబండి మీద కియా చిలుక

పిల్లలూ! నా చిన్నతనంలో తిరునాళ్ళకు వెళ్ళాలంటే గూడుబండి కట్టేవాళ్ళు. బండిలో ఎండుగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పిల్లలందరినీ ఎక్కించేవాళ్ళు. చీకటి పడితే ఏ చింతతోపులోనో ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకుతిని, బండిలోనే పడుకునేవాళ్ళం. ఆ రెండు రోజులూ మాకు బండే ఇల్లు.

అటువంటి ప్రయాణం అరవై ఏళ్ళు దాటిన తరవాత మళ్ళీ చేశాను. అయితే ఈసారి మన దేశంలో కాదు. గోళం మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే, దాదాపు అడుగున, ఆస్ట్రేలియాకు తూర్పున రెండు పెద్ద దీవులు కనిపిస్తాయి. అదే న్యూజిలండ్. మా అమ్మాయీ అల్లుడుగారూ అక్కడ దక్షిణ దీవిలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఉంటున్నారు. 2019 జనవరిలో నేను వాళ్ళ దగ్గరకు వెళ్ళాను. జనవరి అంటే చలికాలం అనుకునేరు! మనకు చలికాలమైతే వాళ్ళకు వేసవి. మనకు మధ్యాహ్నం సూర్యుడు చాలా నెలలు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అక్కడ ఎప్పుడూ ఉత్తరం వైపే ఉంటాడు. బడులకు అప్పుడే పెద్ద సెలవులు.

మా అల్లుడుగారు ఒక పాత మోటార్‌హోమ్ కొన్నారు. నేను దానికి ఇంటిబండి అని పేరు పెట్టాను. బయటి నుంచి చూస్తే చిన్న బస్సులాగా ఉంటుంది. లోపల పడకలూ, గ్యాసు పొయ్యీ, నీళ్ళ తొట్టీ, చిన్న ఫ్రిజ్జూ అన్నీ ఉన్నాయి. దీపాలకూ, చలివేళ వేడిగాలి ఊదే యంత్రానికీ విద్యుత్తు ఇచ్చేది ఒక 12 వోల్టుల బ్యాటరీ. ఆ బ్యాటరీని నింపటానికి బండి కప్పు మీద 100 వాట్ల సోలార్ పలక ఒకటి ఉన్నది. పలక నుంచి రెండు తీగలు కప్పు మీదుగా వచ్చి ఒక కన్నం గుండా లోపలికి దిగుతాయి. వాటి పక్కనే మరొక సన్నని జంట తీగ. అది తలుపు పైన బయట ఉన్న దీపానిది.

ఈ పలకనూ, దీపాన్నీ అల్లుడుగారే స్వయంగా బిగించుకున్నారు. ఆయన తెలివైనవారు, కంప్యూటర్ పనిలో దిట్ట. పలకను బాగానే బిగించారు. తీగల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఓపిక అయిపోయింది కాబోలు, అక్కడక్కడా జిగురుపట్టీ అంటించి, తెల్ల ప్లాస్టిక్ బంధాలు నాలుగు వేసి దిగిపోయారు. కప్పు మీద ఏం చేశామో కింద నిలబడినవాళ్ళకు కనిపించదు గదా!

మేము వెళ్ళవలసిన చోటు ఆర్థర్స్ పాస్. దక్షిణ దీవికి నడిమధ్యన వెన్నెముకలాగా సదరన్ ఆల్ప్స్ అనే పర్వతాలున్నాయి. వాటిని దాటే కనుమ ఇది. ఎత్తు సుమారు 920 మీటర్లు. 1864లో ఆర్థర్ డాబ్సన్ అనే యువకుడు, భూమి కొలతలు వేసే ఉద్యోగి, ఈ కనుమను దాటి చూసి వచ్చాడు. అందుచేత ఆయన పేరే దానికి నిలిచింది. 1929లో ఆ ప్రాంతాన్ని జాతీయ వనంగా చేశారు.

తెల్లవారగానే బయలుదేరాం. ఆ దేశంలోనూ మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు. మొదట కాంటర్‌బరీ మైదానం. ఎటు చూసినా పచ్చిక, గొర్రెలు, గాలికి అడ్డుగా గోడలాగా పెంచిన చెట్ల వరసలు. తరవాత పోర్టర్స్ పాస్ అనే మొదటి కనుమ ఎక్కసాగాం. అక్కడే మాకు గాలి ఎదురయింది.

ఆ గాలి సంగతి వినండి, తమాషాగా ఉంటుంది. పడమటి సముద్రం మీద నుంచి తడిగాలి వచ్చి ఈ పర్వతాలకు తగులుతుంది. తగిలి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి, తనలోని నీటినంతా పడమటి వైపునే కురిపించేస్తుంది. పర్వతాలకు అవతల ఉన్న ఓటిరా అనే ఊళ్ళో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లోనో, 600 పై చిల్లర మాత్రమే! నీరు పోగొట్టుకున్న గాలి ఇవతలి పక్కకు దిగుతూ వేడెక్కి, పొడిబారి, ఈడ్చి కొడుతుంది. మన కోస్తా జిల్లాలలో వైశాఖమాసపు పడమటి గాలి ఎరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు.

కనుమ ఎక్కుతూండగా తల మీద ఒక చప్పుడు వినిపించింది. టకటక, టకటక. బండి వేగం పెరిగితే చప్పుడు పెరిగేది, తగ్గితే తగ్గేది.

“ఏమిటండీ అది?” అన్నాను.

“తీగ కాస్త వదులైనట్టుంది, మామయ్యగారూ. సాయంత్రం చూద్దాం,” అన్నారు అల్లుడుగారు.

నేను సరేనన్నాను. పిల్లలూ, ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో “చిన్న తప్పును చిన్నగా ఉన్నప్పుడే దిద్దుకోవాలి” అని చెప్పినవాణ్ణి. కాని అల్లుడిని దారిలో ఆపి, కప్పు ఎక్కి చూడమనటానికి మొహమాటపడ్డాను.

ఆ టకటకకు కారణం మీరే లెక్క వేసి చూడండి. వేగం రెట్టింపు అయితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు తొమ్మిదిన్నర కిలోల బరువు మోపినట్టు తోస్తుంది. 90 కిలోమీటర్లయితే 38 కిలోలు. బండి గాలికి ఎదురుగా పోతే రెండు వేగాలూ కలుస్తాయి. అటువంటి గాలిలో వదులుగా ఉన్న తీగ దండెం మీది తడి ధోవతిలాగా కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ దాని తొడుగు కప్పుకు రాసుకుంటుంది, బంధాన్ని లాగుతుంది. ఒక బంధం తెగిందంటే వదులు మరింత పెరుగుతుంది. ఇక రెండో బంధం తెగటం ఎంతసేపు?

దారిలో కాసిల్ హిల్ దగ్గర ఆగాం. ఏనుగుల మంద పచ్చిక మీద పడుకున్నదా అన్నట్టు పెద్ద పెద్ద సున్నపురాతి బండలు అక్కడ ఉన్నాయి. పిల్లలు వాటి మధ్య దాగుడుమూతలాడారు. కప్పు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నానికి వైమకరిరి నది ఒడ్డున ఉన్న విడిది స్థలం చేరాం. అక్కడ విద్యుత్తు లేదు, అంగడి లేదు. నది పక్కన గులకరాళ్ళూ, చుట్టూ కొండలూ, ఆ కొసన ఒక ముసలాయన ఇంటిబండి, ఈ కొసన మాది. బండి దిగి అందరం నది దగ్గరకు నడిచాం.

అప్పుడు వినిపించింది, “కియా... కియా...” అని. పచ్చని చిలుకలు రెండు కొండ మీది నుంచి వచ్చి మా బండి కప్పు మీద వాలాయి. మన జామచెట్టు చిలుకలనుకోకండి. ఒక్కొక్కటీ మూరెడు పొడుగు, కిలో దగ్గర దగ్గర బరువు. ముక్కు కొక్కెంలాగా వంగి ఉన్నది. రెక్క విప్పితే లోపలివైపు నిప్పులాగా నారింజరంగు. వాటి కూతే వాటికి పేరయింది. ప్రపంచంలో ఎత్తయిన మంచుకొండలను ఇల్లు చేసుకున్న చిలుక జాతి ఇదొక్కటే. అదీ న్యూజిలండ్ దక్షిణ దీవిలోనే.

“తాతయ్యా! అది నల్ల పురుగును లాగుతున్నది చూడు!” అని మా మనవరాలు చప్పట్లు కొట్టింది. దానికి ఏడేళ్ళు. నిజంగానే ఒక చిలుక నల్లగా, పొడుగ్గా ఉన్నదాన్ని ముక్కుతో పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కు లాగుతున్నది. రెండోది దాని చుట్టూ గెంతుతున్నది. దూరం నుంచి చూసి అందరం నవ్వాం. అల్లుడుగారు ఫోటో కూడా తీశారు. అది పురుగు కాదనీ, మా దీపం తీగ అనీ ఒక్కరికీ తోచలేదు!

పొద్దు వాలింది. కొండగాలి చల్లబడింది. వేడిగాలి యంత్రం హాయిగా నడుస్తున్నది. మా అమ్మాయి అన్నం వార్చి, “బయట దీపం వేయండి, పళ్ళేలు కడగాలి,” అన్నది. అల్లుడుగారు మీట నొక్కారు. ఠప్పున దీపాలన్నీ ఆరిపోయాయి. వేడిగాలీ ఆగిపోయింది.

టార్చి వెలుగులో చూస్తే 15 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోయి ఉన్నది. అల్లుడుగారు మరొకటి పెట్టారు. అదీ పోయింది. ఇంకొకటి పెట్టారు. అదీ అంతే. ఇక పెట్టెలో మిగిలింది ఒక్కటే, 30 ఆంపియర్లది.

“దీన్ని పెట్టేస్తాను, మామయ్యగారూ. పిల్లలు చలికి ఆగలేరు,” అన్నారాయన.

ఈసారి నేను మొహమాటపడలేదు. “వద్దు బాబూ. మూడు ఫ్యూజులు మూడుసార్లు మనకేదో చెప్పాయి. నాలుగోదాని నోరు నొక్కవద్దు,” అన్నాను.

ఎందుకు వద్దన్నానో చెబుతాను. బయటి దీపం 6 వాట్లది. 12 వోల్టుల మీద దానికి కావలసింది అర ఆంపియరు. కాని తీగల తొడుగు పోయి, రాగికి రాగి తగిలిందనుకోండి, విద్యుత్తు దీపం దాకా పోనక్కరలేదు. అడ్డదారి దొరికింది గదా! దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. 12 వోల్టులు మనిషిని పట్టుకుని కొట్టవు. అయినా అడ్డదారి దొరికితే బ్యాటరీ అటువంటి తీగలోకి ఒక్క క్షణంలో వంద ఆంపియర్లయినా తోసేయగలదు. సన్నని తీగ కరెంటు పొయ్యిలోని చుట్టలాగా ఎర్రబడుతుంది. పక్కనే కర్ర, బట్ట, నిద్రపోతున్న పిల్లలు. ఆ అపాయం రాకముందే తాను కాలిపోయి దారి తెంచేదే ఫ్యూజు. మన ఊళ్ళల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని లావు రాగితీగ చుట్టేవాళ్ళను నేను చూశాను. దొంగను చూసి మొరిగిందని కుక్కను కట్టేయటం వంటిదే అది.

ఆ రాత్రి ఉన్న దుప్పట్లన్నీ పిల్లల మీద కప్పి, మేము కోట్లు తొడుక్కుని కూర్చున్నాం. మనవడు పదకొండేళ్ళవాడు; వాడికి నిద్ర పట్టలేదు. “తాతయ్యా, ముందు మీటలన్నీ ఆర్పేసి, ఫ్యూజు పెట్టి, ఒక్కొక్కటే వేసి చూస్తే తప్పు ఎక్కడున్నదో తెలిసేది గదా?” అన్నాడు చీకట్లో. నాకు ఎంత సంతోషమయిందో, అంత సిగ్గూ వేసింది. బయటి దీపం మీట వేసే ఉంచి మూడుసార్లు ప్రయత్నించాం. ఆ మీట ఒక్కటి ఆర్పి ఉంటే మొదట మార్చిన ఫ్యూజుతోనే రాత్రంతా వెచ్చగా పడుకునేవాళ్ళం.

తెల్లవారాక ఆ కొసనున్న ముసలాయన వచ్చాడు. ఆయన పూర్వం ఎలక్ట్రీషియన్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. నిచ్చెన ఆనించి కప్పు చూసి నవ్వాడు. “కియాలు వచ్చాయా? వాటికి రబ్బరన్నా తీగలన్నా ప్రాణం. అయితే మొదటి తప్పు వాటిది కాదు. ముక్కు దూరేంత సందు మీరు ఇచ్చారు,” అన్నాడు.

అదే సమయానికి ఒక కియా వచ్చి కొంచెం దూరంలో వాలింది. మనవడు కోపంతో గులకరాయి తీశాడు. ముసలాయన వాడి భుజం మీద చెయ్యి వేసి ఒక కథ చెప్పాడు. కథ కాదు, చరిత్రే. గొర్రెలను పొడుస్తున్నాయని పూర్వం ఈ చిలుకలను చంపితే బహుమానం ఇచ్చేవారు. 1860 తరవాత మొదలైన ఈ పద్ధతి ఇంచుమించు వందేళ్ళు సాగింది. లక్షా యాభై వేలకు పైగా చిలుకలు చచ్చాయని అంచనా. 1986లో మాత్రమే వాటికి చట్టం పూర్తి రక్షణ ఇచ్చింది. ఇప్పుడు అన్నీ కలిసి 3,000 నుంచి 7,000 దాకా ఉంటాయంటారు. ఇంకా ఒక విషాదం ఉన్నది. కొండల్లోని పాత ఇళ్ళ కప్పులకు సీసపు తలల మేకులున్నాయి. సీసం రుచికి తియ్యగా ఉంటుంది. కియాలు దాన్ని కొరికి, విషమెక్కి చనిపోతున్నాయి.

“మనం కప్పు మీద వదిలిన వస్తువు ఏదైనా సరే, అది దానితో ఆడి చూస్తుంది. మీ తీగ దాని కడుపులోకి పోకపోవటం దాని అదృష్టం,” అన్నాడాయన. మనవడు రాయి జారవిడిచాడు.

తరవాత పని మొదలయింది. మేమంతా శిష్యులం, ఆయన గురువు. ఆయన చేసిన పనులు వరసగా చెబుతాను.

మొదట బ్యాటరీ తీగ ఊడదీశాడు. సోలార్ పలక మీద దళసరి దుప్పటి కప్పాడు. వెలుతురు తగిలినంతసేపూ పలక విద్యుత్తు పుట్టిస్తూనే ఉంటుంది. దానికి మీట లేదు.

రెండోది, కొరికిన ముక్కను కోసేసి కొత్త తీగ అతికాడు. అతుకును లోహపు గొట్టంలో నొక్కి, పైన వేడికి ముడుచుకునే తొడుగు వేశాడు. కొత్త తీగ నల్లది, రెండు పొరల తొడుగుది. “తెల్ల బంధాలు ఎందుకు విరిగాయి?” అని మనవడు అడిగాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసుగా చేస్తాయి. ఎండకు తట్టుకునే నల్ల బంధాలలో మసివంటి కార్బన్ కలుపుతారు. అది కిరణాలను తాను మింగి లోపలి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది.

మూడోది, కొలత. తీగ పొడుగు మూడు మీటర్లు. అల్లుడుగారు అరవై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కట్టారు. ముసలాయన ఇరవై సెంటీమీటర్లకు ఒక పట్టు పెట్టాడు. ఎన్ని పట్లు కావాలి? లెక్క వేయండి. రెండు కొసలా పట్లుండాలి సుమా! పదిహేను అన్నవాళ్ళు మళ్ళీ వేయండి, పదహారు. పట్టుకూ పట్టుకూ మధ్య దూరం తగ్గితే తీగ పైకి లేవలేదు, లేవలేనిది కొట్టుకోదు.

నాలుగోది నాకు బాగా నచ్చింది. పట్లను మరచీలలతో బిగించలేదు. కప్పుకు వేసిన ప్రతి కన్నమూ వాన నీటికి తెరిచిన తలుపే. అందుచేత కప్పును స్పిరిటుతో తుడిచి, గరుకు కాగితంతో కాస్త రుద్ది, వాననూ అదురునూ తట్టుకునే బంకతో పట్లను అతికించాడు. తీగల మీద గట్టి ప్లాస్టిక్ కాలువ ఒకటి బోర్లించి, దాని అంచుల వెంట కూడా బంక పూసి వేలితో నున్నగా దిద్దాడు. వేలితో తడిమితే ఎక్కడా అంచు తగలలేదు. చిలుక ముక్కుకూ తగలదు. తీగలు లోపలికి దిగే చోట చిన్న డబ్బా అమర్చి, దాని నోరు బండి వెనక వైపుకు తిప్పాడు. ముందుకు తిప్పితే పరుగెత్తేటప్పుడు గాలి నీటిని లోపలికి తోస్తుంది గదా! కాలువ నుంచి పలక దాకా ఉన్న జానెడు తీగను మాత్రం బిగలాగలేదు. ఎండకు పలకా కప్పూ వ్యాకోచిస్తాయి. ఆ మాత్రం వదులు దానికి కావాలి. కాని ఆ వదులును పలక కిందకు దాచాడు.

చివరకు ఫ్యూజులు. “ఇంత సన్నని దీపం తీగకు 15 ఆంపియర్ల కాపలావాడా? ఎవరి తీగకు తగ్గ ఫ్యూజు వాళ్ళకుండాలి,” అని దీపానికి విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. 15 ఆంపియర్లది వేడిగాలి యంత్రానికి ఉంచాడు. 30 ఆంపియర్లదాన్ని అల్లుడుగారే పెట్టెలో నుంచి తీసి ఆయనకిచ్చేశారు.

బంక ఆరటానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. అందుచేత ఇంకొక రోజు అక్కడే ఉండిపోయాం. అదీ మంచికే అయింది. సాయంత్రం ఆ రెండు కియాలూ మళ్ళీ వచ్చాయి. కప్పు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాయి. కాలువను ముక్కుతో తట్టి చూశాయి. తల వంచి ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి పరీక్షించాయి. పట్టు దొరకలేదు. ఒకటి విచిత్రంగా గలగలమని కూసింది, రెండోదీ అందుకున్నది. ఆ కూత వింటే మిగతా కియాలకు కూడా ఆటబుద్ధి పుడుతుందని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనలో ఒకరు నవ్వితే అందరికీ నవ్వు వచ్చినట్టన్నమాట. తరవాత రెండూ రెక్కల కింద నారింజరంగు మెరిపిస్తూ కొండ మీదికి ఎగిరిపోయాయి. వాటికి రొట్టెముక్క వేస్తానన్నది మనవరాలు. ముసలాయన వద్దన్నాడు. మనుషుల దగ్గర తిండి మరిగితే అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడతాయట.

మర్నాడు పోర్టర్స్ పాస్ దిగుతూంటే మళ్ళీ అదే గాలి. బండి ఊగింది. అందరం మాట్లాడకుండా కప్పు వైపు చెవులు పెట్టాం. గాలి హోరు తప్ప మరేమీ వినిపించలేదు. అల్లుడుగారు నా వైపు చూసి, “ఈసారి ఏదన్నా చప్పుడు వినిపిస్తే వెంటనే బండి ఆపమనండి, మామయ్యగారూ,” అన్నారు. “ఆపమంటాను,” అన్నాను.

పిల్లలూ! ఇంటిబండి మీకు లేకపోవచ్చు. కాని మీ డాబా మీద టీవీ గొడుగు తీగ ఉంటుంది. ఈ రోజుల్లో సోలార్ పలకలు కూడా చాలా ఇళ్ళ మీద వచ్చాయి. ఈ ఆదివారం మీ నాన్నగారితో గాని అమ్మగారితో గాని కలిసి పైకి వెళ్ళి చూడండి. తీగ గాలికి ఎక్కడ ఊగుతున్నది? గోడ అంచుకు ఎక్కడ రాసుకుంటున్నది? ఇంట్లోకి దూరే ముందు అది కాస్త కిందికి వంగి మళ్ళీ పైకి లేస్తున్నదా? అట్లా వంపు ఉంటే వాన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది. లేకపోతే తీగ వెంట గోడలోకి వస్తుంది. చూడటం మీ పని. తాకటం మాత్రం పని తెలిసిన పెద్దవాళ్ళకు వదలండి. ఏదైనా వదులుగా కనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. నాలాగా సాయంత్రం దాకా ఆగకండి.